కుజె గారితో ఉత్తరానికి

నరుకో వేడినీటి సత్రం
మే 6, 1974

కినూ,

ఇక్కడ కొండ నీడల్లో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. మీ మకురజాకిలో ఈపాటికి తేయాకు తొలికోత అయిపోయి ఉంటుంది. నువ్వు నడుం పట్టుకుని గెంజో మరిది మీద విసుక్కుంటూ ఉంటావు. ఆయన ఎప్పటిలాగే మాటా పలుకూ లేకుండా నవ్వుతూ ఉంటాడు.

చెప్పినట్టే వచ్చేశాను. సెందైలో మా కుట్టు నేర్పే బడిని నా శిష్యురాలి చేతుల్లో పెట్టి, అరవై మూడేళ్ళ వయసులో మొదటిసారి సెలవు తీసుకున్నాను. నెల రోజులు! రైలెక్కిస్తూ మా యాసునోరి, "అమ్మా, అక్కడ ఒక్కదానివీ ఏం చేస్తావే?" అన్నాడు. "ఏమీ చెయ్యకుండా ఉండటానికే వెళ్తున్నా" అన్నాను గొప్పగా. తీరా వచ్చాక చూస్తే, ఏమీ చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదని తేలింది. స్నానం చేశాను, అన్నం వండుకున్నాను, మళ్ళీ స్నానం చేశాను. తోచక గదిలో కిటికీ తెర అంచు ఊడితే కుట్టాను. పక్క గది తెరా కుట్టాను. సత్రం యజమానురాలు వచ్చి సూది లాగేసుకుంది. "అమ్మా, మీరు సెలవుకొచ్చారా, కూలికొచ్చారా?" అని నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది.

అదే, కుజె తోకిజో గారి 'మూడు చక్రాల మీద'. మా యాసునోరి బళ్ళో చదివాడు. దేశమంతా చదివింది. నేనే చదవలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన ఒక పాత మూడు చక్రాల లారీ కొని, మీ దక్షిణాన ఉన్న సతా కొస నుంచి ఉత్తరం దాకా ఒక్కడే నడుపుకుంటూ వెళ్ళి, ఆ దారంతా రాసిపెట్టాడు. మీ ఊళ్ళో ఎండుచేపలు ఆరేసిన వాసన గురించి కూడా ఒక పేజీ ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కాగితం నిండిపోయింది. రెండోది తీశాను.

ఏమని చెప్పను కినూ, కుజె గారు వచ్చాక నాకు రోజు ఎలా గడుస్తోందో తెలియడం లేదు. పొద్దున లేస్తూనే ఆయనే కావాలి. అన్నం తింటున్నా ఎదురుగా ఆయన ఉండాల్సిందే. ఎంత నవ్విస్తాడనుకున్నావ్! నిన్న ఉండబట్టలేక స్నానాల తొట్టి దాకా తీసుకుపోయి గట్టు మీద కూర్చోబెట్టుకున్నాను. ఆవిరికి కాస్త ముడతలు పడ్డాడు పాపం. సత్రంలో అందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ. మీ బావ పోయాక ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

ఒళ్ళు జాగ్రత్త. వీలైతే ఎండుచేప ఒకటి పంపు. ఇక్కడి పులుసు చప్పగా ఉంటోంది.

రిత్సు


మకురజాకి
మే 13

అక్కా,

ఇక్కడ ఒకటే వాన. పోస్టాయన కాలవ దగ్గర జారిపడ్డాడట. నీ ఉత్తరం సగం నీలిముద్దయి వచ్చింది. మిగిలిన సగం మాత్రం చుక్క చెరగలేదు. చెరిగినా బావుండేది.

నేను చిన్నదాన్ని. నీకు చెప్పేంతదాన్ని కాను. కానీ అడగకుండా ఉండలేను. ఎవరీ కుజె గారు? ఏ ఊరు? ఏం చేస్తాడు? పెళ్ళాం ఉందా, పోయిందా? స్నానాల తొట్టి దాకా తీసుకెళ్ళడమేమిటి అక్కా! ఎంత ఉత్తరాది పద్ధతులైనా ఒక హద్దుండొద్దూ? ముడతలు పడ్డాడని జాలి ఒకటి. ఆ వయసులో ముడతలు పడక ఇంకేం పడతాడు?

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. టీ గొంతులో అడ్డం పడి దగ్గాడు. "మీకేమైనా అర్థమైందా?" అని గద్దించాను. "మంచిమనిషే అయ్యుంటాడ్లే" అని లేచి కొట్టంలోకి పోయాడు. చాలాసేపు దగ్గుతూనే ఉన్నాడు. ఈయన సంగతి నీకు తెలిసిందేగా. ఇల్లు అంటుకున్నా, కాస్త వెచ్చగా ఉందే అంటాడు.

అడిగినవాటికి దాపరికం లేకుండా జవాబు రాయి. ఎండుచేప పంపుతున్నాను. నీకే. ఇంకెవరికీ పెట్టకు.

కిను


నరుకో
మే 19

నా బంగారు చెల్లీ,

నీ ఉత్తరం చూసి గంతులు వేశాననుకో. మోకాళ్ళు ఒప్పుకోలేదు గానీ. కథ చెబుతాను రావే అంటే గుమ్మం దాటి పారిపోయే మా కిను, కుజె గారి గురించి ఇన్ని ప్రశ్నలు వేసిందా! నీకు ఇంత ఆసక్తి కలుగుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పూర్తి పేరు కుజె తోకిజో, ఊరు తొయామా. తరతరాలుగా ఇల్లిల్లూ తిరిగి మందులమ్మే వంశం. భార్య పోయింది. ఆ దిగులు తట్టుకోలేకే బండెక్కాడు. పొట్టివాడు, చెవులు పెద్దవి. ఏ ఊరు వెళితే ఆ ఊరి తిండి తింటాడు, ఆ ఊరివాళ్ళతో పోట్లాడతాడు, వెళ్ళేటప్పుడు ఆ ఊరివాళ్ళే కన్నీళ్ళు పెట్టుకుంటారు. సొరంగాలంటే భయం. లోపలికెళ్ళే ముందు బండి ఆపి చొక్కా గుండీలన్నీ పెట్టుకుంటాడు, చస్తే మర్యాదగా చావాలని! ఇలాంటి మనిషి నాకు వయసులో ఉండగా తగిలి ఉంటే నా బతుకు వేరే దారిన పోయేది. మీ బావ మంచివాడే. కానీ 'వచ్చే ఏడు హొక్కైడో చూపిస్తా' అంటూనే ముప్ఫై ఏళ్ళు గడిపేశాడు, పాపం.

ఇప్పుడొక రహస్యం. అఒమొరి రేవులో కుజె గారి బండి ఇరుసు విరిగింది. సముద్రం దాటలేకపోయాడు. దేశపు ఉత్తరపు కొస చూడకుండానే ఆగిపోయాడు. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని ఒక నిర్ణయానికి వచ్చాను. సెలవు అయిపోగానే నేను ఇంటికి వెళ్ళను. ఓడెక్కి సముద్రం దాటి, దేశం చివర సోయా కొస దాకా వెళతాను. కుజె గారిని నేనే తీసుకెళతాను. ఆయన తోడుంటే నాకు భయమేమిటి? యాసునోరికి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. వద్దంటాడు.

నువ్వు కూడా ఆయన్ని కలుసుకోవాలి కినూ. ఒక్కసారి కలిస్తే నువ్వూ వదలవు.

రిత్సు


మకురజాకి
మే 25

అక్కా,

కదలకు. నేను వస్తున్నాను.

ఆయన్ని కలుసుకోవాలా? తప్పకుండా కలుసుకుంటాను. ఎదురుగా నిలబడి, ఊళ్ళు తిరిగి పోట్లాడే ఆ పెద్దచెవులాయన్ని నాలుగు మాటలు అడుగుతాను. అరవై మూడేళ్ళ మా అక్కని కొడుక్కి చెప్పకుండా సముద్రం దాటిస్తాడా?

రైలెక్కితే నాకు వాంతులని తెలుసుగా. స్టీరింగు నా చేతిలో ఉంటేనే నా కడుపు నిలుస్తుంది. అందుకని మన చిలగడదుంపల బండిలోనే బయలుదేరుతున్నాను. ఎదురింటి తొమె నవ్వింది. "కిను గారూ, ఈ అగ్గిపెట్టెలో సెందై అవతలి దాకానా? మీరు ఇంతవరకూ మన దీవే దాటలేదు కదమ్మా!" అంది. నిజమే, దాటలేదు. దాటాల్సిన అవసరం ఎవరూ కల్పించలేదు. నువ్వు కల్పించావు.

ఒక వింత చెప్పనా? బయలుదేరతానని నేను నోరు తెరవకముందే మా ఆయన బండికి టైర్లు మార్చాడు, నూనె మార్చాడు. దారి పటం గీసిచ్చాడు, పడమటి సముద్రం ఒడ్డమ్మటే పొమ్మని. "ఆ వైపు ఎందుకు?" అంటే "దారి బావుంటుంది" అన్నాడు. నా గుండె మండిపోతుంటే దారి బావుండటం ఒకటి తక్కువైంది నాకు!

అమ్మ పోయినప్పుడు చూశాను నిన్ను. పంతొమ్మిదేళ్ళయింది. మళ్ళీ చూడకముందే నిన్ను ఎవరో ఎత్తుకుపోతుంటే ఊరుకోమంటావా?

కిను


మత్సుఎ
మే 30

అక్కా,

ఒక సరస్సు ఒడ్డున కూర్చుని రాస్తున్నాను. కోపం తగ్గిందనుకోకు. తగ్గలేదు.

దీవికీ ప్రధాన భూమికీ మధ్య కొత్త వంతెన కట్టారుగా, దాని మీదుగా దాటాను. వంతెన ముందు బండి ఆపేసి దిగిపోయాను. కింద ఓడలు చేపపిల్లల్లా కనిపించాయి. వెనక లారీవాడు హారన్ కొట్టి, "అమ్మమ్మా! వంతెన నీ కోసం ఆగుతుంది గానీ నా చేపలు ఆగవు!" అని అరిచాడు. నాకు ఒళ్ళు మండి బండెక్కి తోలేశాను. సగం దాటాక చూసుకుంటే గొంతెత్తి పాట పాడుతున్నాను. చిన్నప్పుడు వరినాట్లలో పాడేవాళ్ళం చూడు, అది. అవతలి ఒడ్డుకు చేరాక ఆ లారీవాడే నన్ను దాటిపోతూ టోపీ తీశాడు.

ఇక్కడ ఈ సరస్సు ఆలిచిప్పలతో పులుసు కాస్తారు. రెండు గిన్నెలు తాగాను. పులుసు కాచిన ముసలమ్మకి నీ కథ చెప్పాను. "వెళ్ళనివ్వవే తల్లీ, మీ అక్క బతుకు మీ అక్కది" అంది. ఆవిడతోనూ పోట్లాట అయ్యింది. వచ్చేటప్పుడు మూడు ముల్లంగి ఊరగాయలు చేతిలో పెట్టింది. చెయ్యి ఊపుతూ చాలాసేపు నిలబడింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఒడ్డమ్మట మలుపు తిరిగినప్పుడల్లా సముద్రం కొత్తగా కనిపిస్తోంది. నేను పుట్టినప్పటి నుంచీ సముద్రం పక్కనే ఉన్నాను. ఇన్ని రంగులుంటాయని నాకెవరూ చెప్పలేదు.

మా ఆయనతో పాటు పడవలో పనిచేసిన కమదా గారి ఇల్లు హిమిలో ఉంది. అక్కడ ఒకటి రెండు రోజులు దిగుతాను. రాయాలనుకుంటే అక్కడికి రాయి. హిమికి తొయామా పక్కనేనట. ఆ కుజె వంశం సంగతేమిటో ఆ ఊళ్ళోనే విచారించి వస్తాను.

కిను


నరుకో
జూన్ 2

ఒసే పిచ్చిదానా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మూడుసార్లు చదివితే గానీ నాకు బోధపడలేదు. బోధపడ్డాక నేను నవ్విన నవ్వుకి యజమానురాలు పరిగెత్తుకొచ్చింది, నాకేదో అయిపోయిందని.

కినూ, కుజె గారు పుస్తకం! పుస్తకమే! నీకు నీలిముద్దయి అందిన ఆ మొదటి కాగితంలో అంతా రాశాను. ఆయన రాసిన పుస్తకాన్ని నేను పొద్దస్తమానం చదువుకుంటున్నాను. ముడతలు పడింది పుస్తకం. ఆయన పోయి పదేళ్ళయింది. నీకు దండం పెడతాను, తొయామాలో ఎవరినీ ఏమీ అడగకు. ఆ ఊళ్ళో ఆయన్ని దేవుడిలా చూస్తారు. నా పరువు పోతుంది.

వెంటనే మీ ఇంటికి ఫోను చేశాను. "మరిదీ, ఘోరం జరిగింది. కుజె గారు పుస్తకం రాసినాయన, ఎప్పుడో పోయాడు" అన్నాను. "తెలుసు వదినా. పడవలో నాలుగుసార్లు చదివాను" అన్నాడు. "మరి కినుకి చెప్పలేదేం?" అంటే, "తను నన్ను అడగలేదుగా" అని పెట్టేశాడు. నువ్వే తేల్చుకో ఆయనతో.

ఇక నువ్వు వెనక్కి వెళ్ళిపో. సగం దేశం దాటావు, అదే ఎక్కువ. ఇక్కడి కొండదారులు మంచివి కావు. నన్నెవరూ ఎత్తుకుపోవడం లేదు. నా పాటికి నేను సోయా వెళ్ళి, అక్కడి నుంచి నీకు ఉత్తరం రాస్తాను. నువ్వు ఇక్కడిదాకా వస్తావేమో అని ఒక్క పూట ఆశపడ్డ మాట నిజం. అది నా పేరాశ.

రిత్సు


హిమి
జూన్ 5

అక్కా,

నీ ఉత్తరం ఒక్కపూట ఆలస్యంగా చేరింది. నీ పరువు నిన్న ఉదయమే పోయింది.

తొయామాలో బండి ఆపి, మందుల కొట్టు ముందు కూర్చున్న ఒక పెద్దమనిషిని, "కుజె తోకిజో అనే వాడి ఇల్లెక్కడ?" అని అడిగాను. 'వాడి' అనే అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. వీధి చివరి ఇంటివైపు చెయ్యి చూపించాడు. వెళ్ళాను. కొంగు నడుంలో దోపినట్టు ఏప్రన్ బిగించి తలుపు కొట్టాను. నడివయసు ఆవిడ తలుపు తీసింది. పేరు మినెకో, ఆయన కూతురు.

"మీ నాన్నని పిలవండి. మా అక్క సంగతి తేల్చుకోవాలి" అన్నాను.

ఆవిడ నా వంక ఎగాదిగా చూసింది. "ఎవరండీ మీ అక్క?"

"సెందై రిత్సు. నరుకో సత్రంలో పొద్దస్తమానం మీ నాన్నతోనే ఉంటోందట! స్నానాలకి కూడా ఇద్దరూ కలిసే వెళుతున్నారట!"

ఆవిడ చెప్పులు వేసుకుని, "రండి, చూపిస్తాను" అని నన్ను ఇంటి వెనక గుట్ట మీదకి తీసుకెళ్ళింది. ఒక రాయి ముందు నిలబెట్టింది. రాయి మీద ఆయన పేరు. చుట్టూ నాచు.

అక్కా, భూమి విచ్చుకుంటే దూరిపోదామనుకున్నాను. నేను వంగి వంగి క్షమాపణలు చెబుతుంటే మినెకో గారు ఆ రాయినే పట్టుకుని, నిలబడలేక నేల మీద కూర్చుండిపోయి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, "నాన్నని చూడటానికి ఏటా ఎంతోమంది వస్తారండీ. పువ్వులు తెస్తారు, సారా తెస్తారు. తిట్టడానికి వచ్చినవాళ్ళు మీరే మొదలు. నాన్న బతికుంటే మీతోనే బండెక్కి వచ్చేసేవాడు" అంది.

టీ ఇచ్చింది. నాలుగు రకాల ఊరగాయలు పెట్టింది. ఆయన చివరి రోజుల్లో కూడా ఆ ఉత్తరపు కొస మాటే అనేవాడట. "అక్కడ గాలి ఎలా ఉంటుందో ఎవరైనా వచ్చి చెబితే బావుణ్ణు" అని.

రాత్రికి కమదా గారింటి నుంచి మా ఆయనకి ఫోను చేశాను. నా జీవితంలో ఎన్ని తిట్లు నేర్చుకున్నానో అన్నీ తిట్టాను. ఆయన అంతా విని, "పంతొమ్మిదేళ్ళుగా నిద్రలో కూడా అక్కా అక్కా అంటున్నావ్. ముందే చెప్పుంటే బయల్దేరేదానివా?" అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినలేదు. "బండి ఎలా ఉంది?" అన్నాడు. "బావుంది" అన్నాను. "అయితే పో" అన్నాడు.

వెనక్కి వెళ్ళిపో అని నువ్వు, ముందుకు పో అని ఆయన. నేను ఎప్పుడు నీ మాట విన్నాను? ఇప్పుడు వింటానా?

నీ పుస్తకం సంచిలో పెట్టుకో. చలికి ఏదైనా వెచ్చటిది కప్పుకో. సత్రం గుమ్మంలో కూర్చో. సముద్రం మనిద్దరం దాటుతున్నాం. ఆ గాలి ఎలా ఉంటుందో నేను మినెకో గారికి చెబుతానని మాటిచ్చాను.

కిను


మకురజాకి
జులై 9

అక్కా,

క్షేమంగా చేరాను. ఊరు మొదట్లోనే తొమె ఎదురొచ్చింది. బండికి అంటిన బురద చూసి, "ఎక్కడిదండీ ఇది?" అంది. "ఈ బురద ఏడు ఊళ్ళది, ఏది కావాలో కోరుకో" అన్నాను. అప్పటి నుంచీ వీధిలో ఆడవాళ్ళంతా సాయంత్రమైతే మా అరుగు మీదే. కొలిమిలోంచి తీసిన కత్తిలా వెలిగిపోతున్నాననుకో.

అసలు సంగతికొస్తాను. మా ఆయన నేను చెప్పేది నమ్మడం లేదు. సత్రం గుమ్మంలో నన్ను చూసి నువ్వు ఏడుస్తావనుకుంటే, "ఎంత లావయ్యావే!" అన్నావని చెప్పాను. అది నమ్మాడు. అఒమొరి రేవులో కుజె గారి బండి ఆగిపోయిన చోట నువ్వు సారా పోసి దండం పెట్టావని చెప్పాను. అదీ నమ్మాడు. ఓడ మీద నాకు వాంతులైతే నువ్వు వీపు రాస్తూ ఆ పుస్తకం గట్టిగా చదివి నా మీద పగ తీర్చుకున్నావని చెప్పాను. తలూపాడు. హొక్కైడోలో ఆ తిన్నటి రోడ్డు మీద మన బండి ముందుకి నక్క వచ్చి కూర్చుంటే నువ్వు దిగి దానితో మర్యాదగా మాట్లాడి పక్కకి పంపావని కూడా నమ్మాడు.

కానీ సోయా కొస దగ్గర, గాలికి నిలబడలేక ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో కర్రని పట్టుకుని నడిచిన మనిషివి, చివరి రాయి దగ్గరికి రాగానే నా చెయ్యి వదిలేసి, కర్ర పారేసి, సముద్రం వైపు తిరిగి, "కుజె గారూ! వచ్చేశామండీ!" అని కేక పెట్టావా లేదా? ఆ కేకకి అక్కడున్న జాలర్లు వలలు వదిలేసి చూశారా లేదా? "వదిన నోటి నుంచి కేకా? ఆవిడ గట్టిగా తుమ్మదు కూడా" అంటున్నాడు ఈయన. నువ్వే నీ చేత్తో రాసి పంపు. గోడకి అంటిస్తాను.

మినెకో గారికి రాశాను. గాలి ఉప్పుగా, చల్లగా, చెంప మీద కొట్టినట్టు ఉందని, కొట్టినా కోపం రాలేదని. జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన రాయి ముందు గట్టిగా చదివి వినిపించిందట.

ఇప్పుడు నేనూ ఆ పుస్తకం చదువుతున్నాను. మా ఆయన కాపీ. చేపల కంపు కొడుతోంది. నీ కుజె గారు మన ఊరి ఎండుచేపల గురించి రాసిన పేజీలో తప్పుంది. పొగబెట్టేది ఓక్ కట్టెతో, ఆయన చెర్రీ అని రాశాడు. బతికుంటే అడిగేదాన్ని.

కిను


సెందై
జులై 21

కినూ,

మరిది గారికి: అవును, అరిచాను. కిను చెప్పినదానికంటే గట్టిగా అరిచాను. రెండోసారి కూడా అరిచాను. అప్పటికి కిను బండి చాటున ఏడుస్తోంది కాబట్టి ఆ సంగతి ఆవిడ మీకు చెప్పి ఉండదు. ఇట్లు, మీ వదిన రిత్సు. ఇది గోడకి అంటించండి.

నీకు: యాసునోరి తిడతాడనుకున్నాను. సోయా నుంచి వచ్చానంటే దగ్గరికొచ్చి నా ముఖం చూశాడు. "అమ్మా, నువ్వు కాస్త నల్లబడ్డావే" అన్నాడు.

ఒక సంగతి తెలిసింది నాకు. నువ్వు నడుపుతుంటే పక్కన కూర్చున్నానే, నాకది చాలలేదు. ఇంకేం చెప్పను! ఈమధ్య పొద్దున్నే ఇంట్లోంచి వెళుతున్నాను. ఇరవై ఆరేళ్ళ గురువుగారు. తెల్ల చేతితొడుగులు వేసుకుంటాడు. బొత్తిగా కనికరం లేదు. నిన్న నన్ను ఏడిపించాడు. అయినా రేపు మళ్ళీ వెళతాను. ఫలితం తేలాక చెబుతాను.

రిత్సు


మకురజాకి
జులై 29

అక్కా,

ఈసారి నేను కదలను. ఇరవై ఆరేళ్ళవాడా, తెల్ల తొడుగులా? మా ఆయన్ని అడిగాను, "ఇది కూడా పుస్తకమేనా?" అని. చాలాసేపు ఆలోచించి, "ఈ పుస్తకం నేను చదవలేదు" అన్నాడు.

కిను


షిమొనొసెకి
ఏప్రిల్ 17, 1975

కినూ,

ఇన్నాళ్ళూ ముక్తసరిగా రెండు ముక్కలు రాసి సరిపెట్టానని కోప్పడ్డావు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అందుకే తక్కువ రాశాను.

ఆ తెల్ల తొడుగుల అబ్బాయి డ్రైవింగ్ స్కూల్లో నాకు నేర్పినవాడు. మొదటిసారి పరీక్షలో బండి తిన్నగా పూలకుండీల మీదకి ఎక్కించాను. రెండోసారి రంగు దీపం చూడలేదు. తరగతిలో కుర్రాళ్ళు, "అమ్మమ్మా, మీకెందుకండీ ఈ తిప్పలు?" అన్నారు. మూడోసారీ పోయింది. యాసునోరి, "ఇక చాలమ్మా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు కుట్టు మిషన్ పెడలు తొక్కిన కాళ్ళివి, ఒక్క క్లచ్చి దగ్గర ఓడిపోతాయా? మంచు కురుస్తున్న రోజున నాలుగోసారి వెళ్ళాను. బండి ఆపి దిగాక ఆ అబ్బాయి తన తొడుగులు తీసి, వంగి దండం పెట్టాడు. "మిమ్మల్ని ఏడిపించినందుకు క్షమించండి. ఇంత బాగా గేరు మార్చేవాళ్ళని నేను చూడలేదు" అన్నాడు. నవ్విన నాపచేనే పండిందే!

పోయిన వారం కారులో బయలుదేరాను. ఒక్కదాన్నే. మంచు కరిగిన కొండలు, వరినారు పోస్తున్న మళ్ళు, ఊరూరా విచ్చుకున్న చెర్రీలు, అన్నీ నా కిటికీ పక్కనుంచే వెళ్ళాయి. నేను ఆగమంటే ఆగాయి, పొమ్మంటే పోయాయి. మూడు రోజుల కిందట తొయామాలో మినెకో గారింట్లో భోంచేశాను. ఆవిడ నీ క్షేమం అడిగింది. ఈ పూట ఇక్కడ పెట్రోలు పోసే అతను కారు చుట్టూ తిరిగి చూసి, "అమ్మమ్మా, నడిపేవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు?" అన్నాడు. "నీ ఎదురుగా నిలబడ్డారు, అద్దం తుడువు" అన్నాను. చక్కగా తుడిచాడు.

నువ్వు దాటిన ఆ వంతెన కనిపిస్తోంది. సాయంత్రపు ఎండలో ఎర్రగా ఉంది. రేపు పొద్దున దాటుతాను. పాట ఏది పాడాలో కూడా అనుకున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందొస్తే, వచ్చాక నువ్వే విప్పి నాకు చదివి వినిపించు.

మరిది గారితో చెప్పు, మీ పెరటి గేటు రెండు తలుపులూ బార్లా తీసి ఉంచమని. ముందుకి ఎంత దూరమైనా వచ్చేస్తాను గానీ, వెనక్కి తిప్పడం నాకింకా సరిగ్గా రాదు.

మీ అక్క,
రిత్సు